అబ్బాయో అమ్మాయో తేల్చమనే సినిమా

కర్నూలులోనో కడపలోనో తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ‘ద్విలింగ’ అనే మాట మొదటిసారి వినేది పూల పాఠంలో. టీచరు మందార పువ్వు తెమ్మంటుంది. దాన్ని బ్లేడుతో నిలువుగా కోస్తే కేసరాలూ కనిపిస్తాయి, అండకోశమూ కనిపిస్తుంది. రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి కాబట్టి అది ద్విలింగ పుష్పం. ఉమ్మెత్తా అంతే. కాకర, దోస, బీర అలా కాదు, వాటికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుని ఆ మాటను అక్కడే వదిలేస్తారు. మళ్లీ అది ఎదురుపడేది ఐదారేళ్ల తర్వాత, ఏ అనంతపురం హాస్టల్లోనో ఫోన్ చూస్తూ పడుకున్నప్పుడు, ఒక సినిమా సమీక్షలో ‘ద్విలింగ సంపర్కుడైన కథానాయకుడు’ అన్న ముక్క దగ్గర. అప్పుడు మనసులో మెదిలేది ఆ మందార పువ్వే. ఒకే ఒంట్లో రెండూ ఉన్న మనిషి కాబోలు అనుకుంటారు. సమీక్ష చెప్పింది మాత్రం మగవాళ్లనూ ఆడవాళ్లనూ ఇష్టపడే మనిషి గురించి.

తప్పు పిల్లలది కాదు. ఇంగ్లిష్‌లో ‘బైసెక్సువల్’ అన్న మాట కూడా ముందు మొక్కల గురించి వాడినదే, మనుషుల ఇష్టాల దాకా తర్వాత వచ్చింది. మనుషుల ఇష్టాలను గీటుగీసి రెండు గదుల్లో పెట్టలేమని, సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలబద్ద మీద చూడాలని 1948లో చెప్పిన ఆల్‌ఫ్రెడ్ కిన్సీ కూడా అంతకుముందు కందిరీగ జాతి పురుగుల మీద పరిశోధన చేసినవాడే. వేల పురుగులను కొలిచి, ఏ రెండూ ఒకేలా ఉండవని తెలుసుకున్న మనిషి.

తెలుగులో ఇంకో చిక్కుంది. పత్రికల భాషలో స్వలింగ సంపర్కం, ద్విలింగ సంపర్కం అంటూ అన్నీ ‘సంపర్కం’తోనే ముగుస్తాయి. పదహారేళ్ల కుర్రాడికి ఎవరి మీదో మనసు పోయింది, ఇంకా చెయ్యి కూడా తాకలేదు, మాట మాత్రం అప్పుడే మంచం దాకా వెళ్లిపోయింది. ఈమధ్య కొందరు ‘ద్విలైంగికత’ అని రాస్తున్నారు. అది కాస్త నయం, కానీ నోట్లో తిరగదు. ఇక వీధిలో వాడే మాట ఒక్కటే, ‘తేడా’. ‘వాడు తేడారా’ అంటే ఏ తేడానో ఎవరూ అడగరు. మెత్తగా మాట్లాడేవాడు, చీర కట్టుకోవాలనుకునేవాడు, మగవాణ్ణి ప్రేమించేవాడు, ఇద్దరినీ ప్రేమించేవాడు, అందరినీ ఆ ఒక్క సంచిలో వేసేస్తారు. తెలుగు సినిమాల్లో ఎన్నో కామెడీ సీన్లు ఈ ఒక్క మాట మీద బతికాయి.

నిజానికి ఈ సంగతి చెప్పడానికి తెలుగులో పారిభాషిక పదమే అక్కర్లేదు. ‘నాకు అబ్బాయిలూ ఇష్టమే, అమ్మాయిలూ ఇష్టమే.’ అంతే. పనంతా మాట చివరి దీర్ఘం చేసేసింది. ఆ ‘ఊ’ తీసి ‘ఓ’ పెడితే ‘అబ్బాయో, అమ్మాయో’ అవుతుంది. అప్పుడది ప్రశ్న. ఏదో ఒకటి తేల్చాలి. ఎదిగే వయసు గురించి తీసే సినిమాల్లో ఈ మనుషులకు జరిగే అన్యాయమంతా ఈ రెండు అచ్చుల మధ్యే ఉంది. పాత్ర ‘ఊ’ అంటుంటే కథ ‘ఓ’ అని అడుగుతుంటుంది.

కథ అలా అడగడానికి కారణం ద్వేషమే కానక్కర్లేదు. చాలావరకు అది పనితనానికి సంబంధించిన ఇబ్బంది. ఈ రకం సినిమాకి ఒక కట్టు ఉంటుంది. ఒక వేసవి సెలవులో, కాలేజీ చివరి ఏడాదో తీసుకుంటారు. మొదట్లో పిల్లవాడికి తనేమిటో తెలియదు, చివరికి తెలుస్తుంది. తెలియడమంటే ఒక తలుపు మూసుకోవడం. ఇంజినీరింగ్ వదిలేసి పాట పట్టుకుంటాడు, ఊరు వదిలేసి నగరం వెళ్తాడు. మగవాణ్ణి మాత్రమే ప్రేమించే మగపిల్లవాడి కథ ఈ కట్టులో చక్కగా ఇమిడిపోతుంది. దాపరికం, భయం, ఒకరోజు నోరు తెరిచి చెప్పడం, ఊపిరి పీల్చుకోవడం. ఇద్దరినీ ఇష్టపడేవాడి కథకు ఆ చివరి మెట్టు కుదరదు. చెప్పేశాక కూడా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఈసారి అమ్మాయితో కనిపిస్తే ‘అయితే అది తగ్గిపోయిందా?’ అంటారు. మళ్లీ అబ్బాయితో కనిపిస్తే ‘మొదటి నుంచీ ఇంతేగా, ఆ అమ్మాయిని మోసం చేశాడు’ అంటారు.

పైగా కెమెరా చూపించేది ఒకసారికి ఒక దృశ్యాన్నే. చివరి షాట్‌లో పక్కన ఎవరుంటే మనిషికి ఆ పేరే పడుతుంది. పక్కన అబ్బాయి ఉంటే గే, అమ్మాయి ఉంటే మామూలే. రెండూ నిజమని చూపించాలంటే రెండు ప్రేమలు కావాలి. రెండు గంటల సినిమాలో రెండు ప్రేమలు పెడితే ముక్కోణపు కథ అవుతుంది, లేదా ఒకరిని మోసగించిన కథ అవుతుంది. ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు నిలకడ లేనివాళ్లన్న అపవాదును ఎంత మంచి దర్శకుడైనా ఇలా తెలియకుండానే మోస్తుంటాడు.

ఈ చిక్కును నేరుగా పట్టుకున్నది సినిమా కాదు, సిరీస్. 2022 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘హార్ట్‌స్టాపర్’లో నిక్ అనే రగ్బీ ఆడే కుర్రాడు చార్లీ అనే తోటి విద్యార్థిని ఇష్టపడతాడు. ముందు ఇంటర్నెట్‌లో ‘నేను గేనా?’ అని తేల్చే క్విజ్ పెట్టుకుని కూర్చుంటాడు. మొదటి సీజన్ చివర్లో తల్లికి చెప్తాడు, చార్లీ తన బాయ్‌ఫ్రెండ్ అని. తల్లి మంచిదే, కొడుకును దగ్గరికి తీసుకుంటుంది. ఆ మంచితనంలోనే ఇంకో మాట అంటుంది. అమ్మాయిలు ఇష్టం లేకపోతే ఇష్టమని చెప్పాల్సిన పనేమీ లేదని. నిక్ అక్కడ ఆగి సరిదిద్దుతాడు. అది కాదు, అమ్మాయిలూ ఇష్టమే, అబ్బాయిలూ ఇష్టమే, తాను బైసెక్సువల్ అని. ఆ సీనులో గొప్పతనం ఒప్పుకోవడంలో లేదు, ఆ దిద్దుబాటులో ఉంది. కడుపులో పెట్టుకునే తల్లి కూడా ‘ఓ’ అనే అడిగింది. కొడుకు ఓపిగ్గా ‘ఊ’ అని చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత తెర బయట జరిగింది మరీ చేదు. నిక్ పాత్ర వేసిన కిట్ కానర్ అదే ఏడాది చివర్లో సోషల్ మీడియాలో తానూ బైసెక్సువల్ అని చెప్పాల్సి వచ్చింది. సొంత ఇష్టంతో కాదు. ఒక నటితో కలిసి ఫొటోల్లో కనిపించేసరికి, మామూలు కుర్రాడై ఉండి ఇలాంటి పాత్రతో పేరు కొట్టేస్తున్నాడని జనం వెంటపడ్డారు. పద్దెనిమిదేళ్లవాడి చేత బలవంతంగా చెప్పించారు, అసలు సిరీస్ సారమే మీకు అర్థం కాలేదేమో అన్నది అతని మాటల భావం. నిక్‌ను మెచ్చుకున్న ప్రేక్షకులే నటుణ్ణి మాత్రం పక్కన ఎవరున్నారో చూసి తేల్చేశారు.

అందరూ ముందుగా చెప్పే సినిమా ‘కాల్ మి బై యువర్ నేమ్’. 2017లో లూకా గ్వాదనీనో తీసింది. 1983 వేసవి, ఉత్తర ఇటలీ, పదిహేడేళ్ల ఎలియో, ఇంటికి అతిథిగా వచ్చిన పరిశోధక విద్యార్థి ఆలివర్. తోటలో పండ్లు, చెరువులో ఈత, మధ్యాహ్నమంతా పియానో. (మన దగ్గర పదిహేడేళ్ల వేసవి అంటే ఎంసెట్ కోచింగ్, కరెంటు కోత. పేరు ఈఏపీసెట్ అయినా ఎండ మారలేదు.) ఎలియో ఆలివర్ కోసం తపిస్తూనే మార్జియా అనే అమ్మాయితోనూ ఉంటాడు, ఆ ఉండటం నటన కాదు. సినిమా ఎక్కడా అతనికి పేరు పెట్టదు. పెట్టకపోవడం అందంగానే ఉంది. కానీ చివర్లో ఆలివర్ ఫోన్ చేసి పెళ్లి కుదిరిందని చెప్తాడు, ఎలియో చలిమంట ముందు కూర్చుని చాలాసేపు ఏడుస్తాడు. ఆ కన్నీళ్లలో ఆలివర్ ఉన్నాడు, మార్జియా ఎక్కడా లేదు. నేను నీ దానినేనా అని ఆ పిల్ల అడిగినప్పుడు భుజాలు ఎగరేసినవాడు ఎలియో. ఆమె తర్వాత పెద్దమనసుతో స్నేహితులుగా ఉందామంటుంది, కథ ఆమెను అక్కడితో వదిలించుకుంటుంది. ఈ రకం సినిమాల్లో రెండో మనిషి చాలాసార్లు పరీక్ష పేపరు మాత్రమే. రాసి పక్కన పెట్టేస్తారు. ఎలియో ఇష్టం నిజమని నమ్మించాలంటే మార్జియా కూడా ఒక మనిషిగా మిగలాలి, ఆమె మిగల్లేదు.

అల్ఫోన్సో కువరోన్ 2001 నాటి మెక్సికో సినిమా ‘ఇ తూ మామా తాంబియెన్’ ఇంకో దారి తొక్కింది. ఇద్దరు స్నేహితులు, వాళ్లకన్నా వయసులో పెద్దదైన ఒక స్త్రీ, సముద్రానికి కారు ప్రయాణం. చివరి రాత్రి ఆ కుర్రాళ్లిద్దరూ ఒకరికొకరు దగ్గరవుతారు. తెల్లారాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. కొన్నాళ్లకు ఒక హోటల్లో కాఫీ తాగి విడిపోతారు, మళ్లీ ఎప్పటికీ కలవరని వ్యాఖ్యాత చెప్తాడు. ఒక్క ముద్దు ఒక జీవితకాలపు స్నేహాన్ని చంపేసింది. అది వాళ్ల నేరమని సినిమా అనదు, వాళ్లను అలా పెంచిన మగతనాన్నే ఎత్తిచూపుతుంది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఈ కథ నడిపితే సంభాషణలు పెద్దగా మార్చాల్సిన పని ఉండదు.

కానీ మిగతావి మార్చాలి. ఈ సినిమాలన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి. అబ్బాయి అమ్మాయితో తిరిగితే ఎవరికీ పట్టదు, అబ్బాయితో తిరిగితే కళ్లు పడతాయి. అందుకే అక్కడ రహస్యమంతా ఒకవైపే. సీమ ఊళ్లలో ఇది తలకిందులు.

మే నెలలో కర్నూలు ఎండ నలభై దాటుతుంది. రాత్రి పదైనా గోడలు సెగలు కక్కుతుంటాయి. పాత ఇళ్లలో అందరూ మిద్దె ఎక్కుతారు. సాయంత్రమే నీళ్లు చల్లి, చాపలు పరిచి, కుండలో నీళ్లు పెట్టుకుంటారు. పక్కింటి మిద్దె మీది కుర్రాడు పిట్టగోడ దాటి వచ్చి ఈ ఇంటి కుర్రాడి పక్కనే పడుకుంటాడు. ఒకే దిండు, ఒకే ఇయర్‌ఫోన్‌లో చెరో ముక్క. పొద్దున్నే వాడికి కూడా కలిపి ఉగ్గాని, బజ్జీ పైకి పంపుతుంది అమ్మ. అదే పిట్టగోడ అవతల ఆ కుర్రాడి చెల్లెలు బట్టలు తీస్తుంటే వీడు రెండు నిమిషాలు నిలబడితే చాలు, కింది నుంచి కేక వస్తుంది, ‘రేయ్, ఏంరా పైన పని?’ అని.

మగపిల్లలు భుజాల మీద చేతులేసుకుని నడవడం, బండి మీద ముగ్గురు ఒకరినొకరు పట్టుకుని కూర్చోవడం, తలుపేసుకుని రాత్రంతా కంబైన్డ్ స్టడీ చేయడం, వీటిలో ఏదీ ఎవరికీ కనపడదు. కనపడేది అబ్బాయీ అమ్మాయీ కలిసి నిలబడటం మాత్రమే. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు అమ్మాయిలకో క్యాంపస్, అబ్బాయిలకో క్యాంపస్ పెడతాయి. అనంతపురంలో గేట్లకు ‘బ్యాచిలర్లకు ఇల్లు అద్దెకు ఇవ్వబడదు’ అని బోర్డులు వేలాడతాయి. ఆ బోర్డుకు కారణం ఇంట్లో ఆడపిల్ల ఉండటం. ఇంట్లో మగపిల్లవాడు కూడా ఉన్నాడు కదా అని ఏ ఇంటాయనకూ ఎప్పుడూ తోచదు.

సరిగ్గా ఆ తోచకపోవడం మీదే ఒక భారతీయ సినిమా నడిచింది. సచిన్ కుండల్కర్ తన మరాఠీ నవల ఆధారంగా తీసిన ‘కోబాల్ట్ బ్లూ’ 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కొచ్చిలో స్థిరపడిన మరాఠీ కుటుంబం, ఇంట్లో పేయింగ్ గెస్ట్‌గా దిగిన ఒక యువకుడు. కాలేజీ చదివే కొడుకు తనయ్ అతనితో ప్రేమలో పడతాడు. కూతురు అనుజ కూడా పడుతుంది. ఒకరోజు అనుజ అతనితో వెళ్లిపోతుంది. ఇల్లు గగ్గోలెత్తుతుంది, ఊరికి పరువు గుర్తొస్తుంది. తనయ్ గుండె కూడా అదే రోజు పగిలింది, అది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. కూతురి మీద అంతమంది కాపలా, కొడుకు వైపు గోడే లేదు. ఈ పోలిక వరకు సినిమా మన ఇళ్లకు చాలా దగ్గరగా వస్తుంది.

ఎక్కడ దెబ్బతిన్నదంటే, ఆ అద్దె యువకుడి దగ్గర. అన్నాచెల్లెళ్లు ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నది అతనే. అంటే కథలో రెండువైపులా మనసున్న మనిషి అతనే. అతనికి పేరు కూడా లేదు. ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఎందుకు వెళ్లాడో తెలియదు. ఆ ఇద్దరిలో ఎవరినైనా ప్రేమించాడో లేదో తెలియదు. ఒక ఇంట్లో దూరి రెండు గుండెలు దోచుకుని మాయమైనవాడు. ప్రేమించి దెబ్బతిన్నవాళ్లకు లోపలి ప్రపంచం ఇచ్చిన సినిమా, ఇద్దరినీ ఇష్టపడిన మనిషికి మాత్రం మంచి ముఖం, నీలిరంగు ఇచ్చి ఊరుకుంది.

ఇప్పుడు మిద్దె మీది కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడికి రహస్యం కాపాడుకోవాల్సిన అవసరం ఇంకా రాలేదు, ఎందుకంటే రహస్యం ఉందని వాడికే తెలియదు. పక్కింటి అమ్మాయిని చూస్తే వచ్చే గుబులుకు పేరుంది. ఆ పేరు వాడికి తెలుగు సినిమా నేర్పింది, వందల పాటలిచ్చి నేర్పింది. వాన వస్తే ఏమనిపించాలో, బస్సు కిటికీలో జడ కనిపిస్తే ఏమనిపించాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి. పక్కన పడుకున్న స్నేహితుడు ఊరెళ్తే వచ్చే గుబులుకు మాత్రం ఉన్నది స్నేహం పాట ఒక్కటే. ఆ పాటలో అందరూ గుంపుగా ఉంటారు, ఎవరూ ఒంటరిగా ఎదురుచూడరు. పాట ఉన్న గుబులు ప్రేమవుతుంది, పాట లేనిది ‘వాడు నా ప్రాణం మామా’ దగ్గరే ఆగిపోతుంది. పడమటి సినిమాలో కుర్రాడు తెలిసినదాన్ని దాచుకుంటాడు. ఇక్కడి కుర్రాడికి అసలు తెలియడమే ఆలస్యం. తెలుగులో ఇలాంటి సినిమా వస్తే దాని కథ ‘చెప్పడం’ గురించి కాక ‘గుర్తుపట్టడం’ గురించి ఉండాలి. అది తీయడం కష్టం. ఎవరూ అడ్డుపడని చోట కథకు ఘర్షణ ఎక్కణ్ణుంచి తేవాలి?

సీమకు తెలుగు సినిమా ఇచ్చిన కుర్రాళ్లకు అసలు ఎదిగే వయసే లేదు. తెర మీది రాయలసీమ పిల్లవాడు చిన్నప్పుడు తండ్రి శవాన్ని చూస్తాడు, తర్వాతి షాట్‌లో మీసంతో దిగుతాడు. మధ్యలో పదహారేళ్లు, పదిహేడేళ్లు అన్నవి ఉండవు. ‘ఒక్కడు’ 2003లో కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతటికీ తెలిసేలా చేసింది నిజమే. కానీ ఆ బురుజు కింద కూర్చుని కబుర్లు చెప్పుకునే కర్నూలు పిల్లల కథ అది కాదు. ఓబుల్ రెడ్డి నుంచి అమ్మాయిని కాపాడి తీసుకెళ్లే హైదరాబాద్ కబడ్డీ ఆటగాడి కథ. తొడ కొట్టడమే మగతనమైన చోట, తడబాటు చూపించడానికి జాగా ఎక్కడుంది?

అలాగని సీమలో మగతనానికి సడలింపులే లేవనుకుంటే పొరపాటు. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోలీ పండక్కి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీ మన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. మీసాలున్న పెద్దమనుషులు కూడా పూలు పెట్టుకుని వరసలో నిలబడతారు. ఏటా టీవీలవాళ్లు వెళ్లి వింత ఆచారమని చూపిస్తారు. దీన్ని పట్టుకుని ‘చూశారా, మన సంస్కృతిలోనే ఉంది’ అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. చీర కట్టడం వేరు, మనసు ఎవరి మీద పోతుందన్నది వేరు. మొక్కు మొక్కే. ఆ రెంటినీ కలిపేయడం ‘తేడా’ అనే సంచి చేసే పనే, కాకపోతే ఈసారి మెచ్చుకోలుగా. మనదాంట్లోనే ఉందని రుజువు దొరికితే తప్ప ఒక మనిషి ఇష్టాన్ని ఒప్పుకోలేమా అన్నది వేరే సంగతి.

మన దేశంలో వచ్చినవాటిలో ఈ విషయాన్ని పేరు పెట్టి, కథానాయిక నోటితో పలికించిన సినిమా శోనాలీ బోస్ తీసిన ‘మార్గరీటా విత్ ఎ స్ట్రా’. 2014లో టొరంటో ఉత్సవంలో చూపించారు, మన దగ్గర 2015లో విడుదలైంది. లైలా ఢిల్లీలో కాలేజీ చదివే అమ్మాయి. సెరెబ్రల్ పాల్సీ వల్ల చక్రాల కుర్చీలో తిరుగుతుంది, మాట కాస్త ముద్దగా వస్తుంది. కల్కి కోక్లిన్ ఆ పాత్ర వేసింది. తల్లి పాత్రలో రేవతి. ‘అంకురం’ చూసిన తెలుగువాళ్లకు ఆమెను పరిచయం చేయక్కర్లేదు. లైలా కాలేజీ బ్యాండ్‌లో పాడే కుర్రాణ్ణి ఇష్టపడుతుంది, వాడు కాదంటాడు. న్యూయార్క్ వెళ్తుంది. అక్కడ ఖానుమ్ అనే చూపులేని అమ్మాయితో ప్రేమ. మధ్యలో జారెడ్ అనే తోటి విద్యార్థితో ఒకసారి.

ఇందులో తల్లికి చెప్పే సీను తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూడాలి. లైలా ‘బై’ అంటుంది, బైసెక్సువల్ అని. మరాఠీ తల్లికి అది ‘బాయీ’గా వినిపిస్తుంది, పనిమనిషి అని. ఇంటి చాకిరీ అంతా చేసే తానే బాయీ కదా అన్న ధోరణిలో మాట్లాడుతుంది. నవ్వు వస్తుంది, వెంటనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది, ఎందుకంటే ఆ తల్లి చెప్పింది కూడా నిజమే. ఇదే మాట కడపలో అంటే? ‘నేను బై అమ్మా’ అంటే ఏ ఊరికి బయల్దేరాడోనని సంచి సర్దబోతుంది. ఉర్దూ తెలుగు కలిసి నడిచే కర్నూలు పాతబస్తీలో అంటే ‘ఏం భాయ్?’ అని తిరిగి పలకరిస్తారు. అప్పు తెచ్చుకున్న పొట్టి మాట ఇంట్లో పనికిరాదు. ‘అబ్బాయిలూ, అమ్మాయిలూ’ అన్న పొడుగు మాటే చెప్పాలి, అది చెప్పడానికే నోరు రాదు.

ఈ సినిమాలోనూ ఆ పాత మరక ఉంది. లైలా జారెడ్‌తో గడిపిన సంగతి ఖానుమ్ దగ్గర దాస్తుంది, తర్వాత ఒప్పుకుంటుంది, ఖానుమ్ వెళ్లిపోతుంది. ఇద్దరినీ ఇష్టపడటం అంటే ఇద్దరినీ ఒకేసారి పెట్టుకోవడమన్న అపోహకు ఇది ఊతమిస్తుందని కోప్పడేవాళ్ల మాటలో న్యాయముంది. కానీ లైలాకు ఆ తప్పు చేసే హక్కు ఇవ్వడం కూడా దర్శకురాలి ధైర్యమే. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని మన సినిమా దేవతను చేస్తుంది, లేదంటే జాలిపడుతుంది. ఈమెకు కోరికలున్నాయి, స్వార్థముంది, అబద్ధాలున్నాయి. ఎలియోకి ఇచ్చిన మనిషితనం ఆమెకూ ఇచ్చారు. చివరికి తల్లి క్యాన్సర్‌తో చనిపోతుంది. లైలా చక్కగా తయారై డేట్‌కి వెళ్తుంది. ఎదురుగా అద్దం. మార్గరీటా గ్లాసులో స్ట్రా వేసుకుని తనతో తాను కూర్చుంటుంది. పక్కన అబ్బాయి లేడు, అమ్మాయి లేదు. చివరి షాట్‌లో పక్కన ఎవరుంటే ఆ పేరు పడుతుందనుకున్నాం కదా, ఆ షాట్‌లో పక్క కుర్చీయే లేకుండా చేశారు. ఇంతకన్నా తెలివైన ముగింపు ఈ రకం సినిమాల్లో అరుదు.

తెలుగులో చూస్తే ప్రశాంత్ వర్మ ‘అ!’ 2018లో నిత్యా మీనన్, ఈషా రెబ్బాలను జంటగా చూపించింది. అమ్మాయి తాను ప్రేమించిన అమ్మాయిని తల్లిదండ్రులకు పరిచయం చేసే కథ, అందులో ఒక భాగం. ఎగతాళి లేకుండా తీశారు, అది చిన్న విషయం కాదు. ఇద్దరినీ ఇష్టపడే పదిహేడేళ్ల పిల్ల నడిమధ్యన నిలబడ్డ పెద్ద తెలుగు సినిమా మాత్రం లేదనే చెప్పాలి. కాలేజీ సినిమాలు బోలెడు వచ్చాయి, క్యాంటీన్ బల్లల మీద జీవితాలు తేలిపోయాయి, ఏ బల్ల మీదా ఈ మాట రాలేదు.

చట్టం అడ్డు తొలగి ఏళ్లయింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌లో పరస్పర అంగీకారంతో ఉండే పెద్దల స్వలింగ బంధాలను నేరం కాకుండా చేసింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. సెన్సార్‌లో అదే ఏడాది సవరణ తర్వాత యూఏను 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడదీశారు, కానీ ఇలాంటి కథకు ‘ఏ’ పడితే పదిహేడేళ్లవాళ్ల గురించి తీసిన సినిమాకు పదిహేడేళ్లవాళ్లనే హాల్లోకి రానివ్వరు. వాళ్లు ఎలాగూ ఫోన్‌లోనే చూస్తున్నారు, దుప్పటి కప్పుకుని, సౌండు తగ్గించి.

సినిమావాళ్లు ఈ పాత్రల కోసం వాడే ఒక దీపాల చిట్కా కూడా ఉంది. గులాబీ, ఊదా, నీలం కలిపి మొహం మీద వెలుగు వేస్తారు. ఆ మూడు రంగులు 1998లో తయారైన బైసెక్సువల్ జెండావి. నోటితో అనకుండా రంగుతో చెప్పడమన్నమాట. ఈ చిట్కా మన దగ్గర పనిచేయదు. కర్నూలులో ఏ కల్యాణ మండపంలో రిసెప్షన్ స్టేజీ చూసినా అవే ఎల్ఈడీ రంగులు.

ఆ స్టేజీ దగ్గరే తెలుగు కథ పడమటి కథ నుంచి పూర్తిగా విడిపోతుంది. అక్కడ ‘ఓ’ అడిగేది కథ కట్టు. ఇక్కడ అడిగేది పెళ్లి. ఆడపిల్లల విషయంలో గడువు మరీ తక్కువ. ఇద్దరు అమ్మాయిలు డిగ్రీ మూడేళ్లూ ఒకే కంచంలో తిన్నా ‘అక్కాచెల్లెళ్లలా ఉన్నారు’ అని మురిసిపోతారు, మూడో ఏడాది పరీక్షలు అవగానే ఒకదానికి సంబంధం వస్తుంది. మురిపెం అక్కడితో సరి. మగపిల్లవాడికి బెంగళూరు ఉద్యోగం పేరుతో ఇంకో ఐదేళ్లు దొరుకుతాయి.

ఇక్కడొక మెలిక ఉంది, దీన్ని ఇంకా ఏ కథకుడూ వాడుకోలేదు. మగవాళ్లను మాత్రమే ప్రేమించే కొడుకు ఇంట్లో చెప్పాడనుకుందాం. ఏడుపులుంటాయి, కొట్లాటలుంటాయి, డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లడాలుంటాయి. కానీ వాడి చేతిలో ఒక మాటుంది, ‘అమ్మాయిని పెళ్లి చేసుకుంటే దాని బతుకు నాశనమవుతుంది’ అని. కఠినమైన మాటే అయినా అది నిలబడుతుంది. ఇద్దరినీ ఇష్టపడేవాడికి ఆ మాట లేదు. వాడు నిజం చెప్పగానే అందులో సగం ఇంట్లోవాళ్ల చేతికి ఆయుధమవుతుంది.

తీస్తే సీను ఇలా ఉండొచ్చు. కడప, మధ్యాహ్నం భోజనాల తర్వాత. కొడుకు బెంగళూరు నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. అక్కడ గదిలో ఎవరున్నారో ఇంట్లో తెలుసు, ‘ఫ్రెండు’ అని తెలుసు, పండక్కి వాడికీ కలిపి అరిసెలు కట్టిస్తారు. తల్లి బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. కొడుకు పక్కన కూర్చుని, బస్సులో దారంతా అల్లుకున్న మాట చెప్పేశాడు. వాడు ఫ్రెండు మాత్రమే కాదని, తనకు అబ్బాయిలూ ఇష్టమేనని, అమ్మాయిలూ ఇష్టమేనని. ఆమె చేతులు ఆగిపోయాయి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకు మొహంలోకి చూసి, ఎన్నాళ్ల భయమో దిగిపోయినట్టు అంది, ‘అమ్మాయిలు కూడా ఇష్టమే కదా నాయనా. అట్లయితే ఇంగ ఇబ్బందేముంది?’ చేట పక్కన పెట్టి లేచింది. బీరువా తెరిచి, చీరల మడతల కింద నుంచి ప్రొద్దుటూరు సంబంధం వాళ్లు పంపిన ఫొటో కవరు తీసింది.